అమ్మేసిన నాణెం డీలర్ దగ్గర కనబడితే

ఎప్పుడో అమ్మేసిన నాణెం డీలర్ దగ్గర కనబడితే అది మనదేనని గుర్తుపట్టొచ్చంటే, నాణేల పిచ్చి లేనివాళ్లకు నమ్మశక్యంగా ఉండదు. "ఒకటే సంవత్సరం, ఒకటే టంకశాల, ఒకటే బొమ్మ. అలాంటివి లక్షల్లో కొట్టి ఉంటారు. అది నువ్వు అమ్మిందేనని ఎలా చెప్తావు?" అని అడుగుతారు. ఎలాగంటే, లక్షల్లో కొట్టినా చేతులు మారింది మాత్రం ఒక్కొక్కటే. ఒకటి కిందపడి అంచు నొక్కుకుపోతుంది. ఇంకోదాని మీద ఎవరో వెండా కాదా అని గీసి చూస్తారు. మరోటి ఏళ్ల తరబడి ఒకే అట్టపెట్టెలో పడుండి ఒక పక్కన నీలం తిరుగుతుంది. పైగా అచ్చుకు పగులు వస్తే ఆ పగులు నాణెం మీద సన్నని గట్టులా లేస్తుంది. రోజులు గడిచేకొద్దీ పగులు పెరుగుతుంది గనక ఒకే అచ్చులోంచి వచ్చిన రెండు నాణేల మీద కూడా ఆ గీత పొడవు ఒకేలా ఉండకపోవచ్చు. భూతద్దం కింద పెట్టుకుని ఏళ్లపాటు చూసిన దాన్ని ఫొటోలో పోల్చుకోవడం ఏమంత కష్టం కాదు. నా ఉద్యోగం ప్రూఫ్ రీడింగు. పేజీలో తప్పు ఎక్కడుందో కళ్లు వాటంతట అవే అక్కడికే పోతాయి. నాణేల విషయంలోనూ అంతే.

నేను చెప్పబోయే నాణెం 1862 అని తేదీ ఉన్న విక్టోరియా రూపాయి. తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. ఆ రూపాయి మీద 1862 అని ఉన్నంత మాత్రాన అది 1862లోనే కొట్టిందని కాదు. 1874 దాకా అదే తేదీ వేస్తూ పోయారు. ఏ ఏడాది కొట్టిందో గుర్తుండటానికి కాబోలు, బొంబాయి టంకశాలవాళ్లు తేదీ కింద చిన్న చిన్న చుక్కలు పెట్టారు. ఒకటి, రెండు, మూడు, ఇలా. చుక్కల లెక్కతో పాటు రాణి గౌను మీది అల్లికలోనూ, వెనకవైపు పూలతీగలోనూ తేడాలున్నాయి. ఇవన్నీ కలిపి చూస్తే ఒక్క 1862 రూపాయిలోనే బోలెడు రకాలు. సేకరించేవాళ్లకు పండగ. మామూలు కొనుగోలుదారుకు మాత్రం ఇవన్నీ ఒకటే పాత వెండి రూపాయి, 11.66 గ్రాములు, నూటికి 91.7 పాళ్లు వెండి. అంతే.

నా దగ్గర ఉన్నది నాలుగు చుక్కలది. ముందువైపు రాణి పేరు మొదటి అక్షరాల దగ్గర నుంచి అంచుదాకా అచ్చు పగులు. గడియారం ముల్లు నాలుగు దగ్గర ఉంటుందనుకోండి, అక్కడ అంచు మీద ఒక నొక్కు. వెనకవైపు ఎడమన నెలవంక ఆకారంలో నీలం, దాని లోపలి అంచున ఊదా, ఇంకా లోపలికి పోతే లేత బంగారు రంగు. చిన్న చదరపు కాగితం మీద ఇవన్నీ రాసి, బరువు వేసి, ఎక్కడ కొన్నానో, అంతకుముందు ఎవరి దగ్గర ఉండేదో నాకు తెలిసినంతవరకు రాసి, నాణేనికి జతచేసి పెట్టుకున్నాను. మాలో దీన్ని టికెట్ అంటాం.

తర్వాత నా మనసు రాగి పైసల మీదికి మళ్లింది. వెండి రూపాయల్ని అమ్మితేగానీ రాగికి డబ్బు రాదు. అమ్మాను. అందులో పెద్ద కథేమీ లేదు.

మొదటిసారి నేనమ్మింది, కొన్న డీలర్ అమ్మకాల జాబితాలో కనబడినప్పుడు అందరిలాగే నేనూ ముందు ధరే చూశాను. చూడలేదని ఎవరైనా అంటే నమ్మకండి. నాకు ముట్టినదానికి దాదాపు రెట్టింపు. ఒక పూటంతా మనసులో మనసు లేదు. "నిలువునా మోసపోయాను" అనే మాట నోటి దాకా వచ్చింది. కానీ చల్లబడ్డాక లెక్క వేసుకుంటే మోసమేమీ కనబడలేదు. నేను డబ్బు అదే రోజు కావాలన్నాను, ఇచ్చాడు. ఆ డబ్బు ఇప్పుడు అతని పెట్టెలో నాణెం రూపంలో కూర్చుని ఉంది. ఎన్నాళ్లు కూర్చుంటుందో అతనికే తెలీదు. నేను అమ్మిన గుంపులో ఎవరూ అడగని నాణేలు కూడా ఉన్నాయి, వాటిని కూడా మారుమాట్లాడకుండా తీసుకున్నాడు. మంచివి మాత్రమే ఏరుకుని మిగతావి నా మొహాన కొట్టలేదు. రేపు ఎవరైనా కొనుక్కుని, ఇది నకిలీ అని తేలితే డబ్బు వెనక్కి ఇవ్వాల్సింది అతనే. ప్రదర్శనల్లో బల్లకు అద్దె, ఫొటోలు, పోస్టు, బీమా, బేరాలాడేవాళ్లు, బేరం కుదిరాక మాయమైపోయేవాళ్లు, అన్నీ ఆ తేడాలోంచే రావాలి. పైగా జాబితాలో రాసిన ధరకే అమ్ముడుపోతుందని ఎవరన్నారు? అది అతని కోరిక. నాకు ముట్టింది మాత్రం నిజం డబ్బు.

వేలంలో అమ్మినా ఇలాంటి తేడానే, కాకపోతే అది కాగితం మీద కనబడుతుంది. సుత్తి పడిన ధర ఒకటి. కొన్నవాడు దాని మీద ఇంకో ఇరవై శాతం దాకా కట్టడం మామూలే. అమ్మినవాడికి ఆ సుత్తి ధరలోంచి కమీషన్ కోసి ఇస్తారు. కాబట్టి ఒకే నాణెం, ఒకే నిమిషం, మూడు అంకెలు. పత్రికల్లో పెద్దదే వస్తుంది. అమ్మినవాడి చేతికి చిన్నదే వస్తుంది.

డబ్బు సంగతి ఇంతటితో వదిలేస్తాను, ఎందుకంటే ఆ మంట తొందరగానే ఆరిపోతుంది. అమ్మే రోజున ఆ ధర నాకు సమ్మతమేగా. తొందరగా ఆరనిది ఇంకోటుంది.

నాలుగు చుక్కల రూపాయిని మొదట తీసుకున్న డీలర్ దాన్ని మరొకరికి ఇచ్చేశాడు. అక్కడి నుంచి ఎన్ని చేతులు మారిందో తెలియదు. నాలాగే చుక్కల రూపాయల కోసం తిరిగే కుర్రాడు ఒకడున్నాడు, నన్ను అక్కా అంటాడు. వాడు ఒక రాత్రి ఫోన్‌కి ఫొటో పంపాడు. "అక్కా, ఇది నీదే కదూ?"

"కాదురా, నాదానికి నీలం ఉంటుంది" అని రాశాను.

"నొక్కు చూడు."

చూశాను. నాలుగు దగ్గర అదే నొక్కు. పెద్దది చేసి చూస్తే రాణి పేరు మీద నుంచి అంచుదాకా అదే పగులు. నాదే. కానీ నెలవంక లేదు, ఊదా లేదు, బంగారు రంగు లేదు. సున్నం కొట్టిన గోడలా తెల్లగా, చదునుగా ఉంది. ఎవరో ముంచేశారు.

ముంచడం అంటే ఏమిటో చెప్పకపోతే నా బాధ పిచ్చిగా కనబడుతుంది. గాలిలోనూ, అట్టల్లోనూ ఉండే గంధకం వెండితో కలిసి పైన పలుచని పొర కడుతుంది. ఆ పొర మందం ఎంత అన్నదాన్ని బట్టి దాని పైనుంచి, అడుగునుంచి తిరిగొచ్చే వెలుతురు కలిసి రంగులు పుడతాయి. పలుచగా ఉంటే లేత బంగారు రంగు, ఇంకొంచెం పెరిగితే ఊదా, తర్వాత నీలం. నా నాణెం మీద నెలవంక ఎందుకొచ్చిందంటే పాత ఆల్బమ్ అట్ట ఒక పక్కనే ఆనుకుని ఉండేది కాబట్టి. అంటే ఆ రంగు ఆ నాణెం ఎన్నాళ్లు ఎక్కడ ఎలా పడుకుందో చెప్పే లెక్క. దాన్ని ఆమ్లం కలిపిన థయోయూరియా ద్రావకంలో ముంచి తీస్తే కొన్ని క్షణాల్లో పొర పోతుంది. పొరతో పాటు పొరలో చేరిన వెండి కూడా పోతుంది, తిరిగి రాదు. కొట్టినప్పుడు లోహం అచ్చులోకి పాకుతూ కంటికి కనబడనంత సన్నని గట్లు కడుతుంది. నాణేన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పితే వెలుగు ఆకులు తిరిగినట్టు తిరిగేది ఆ గట్ల వల్లే. ఒకసారి ముంచితే పెద్దగా తేడా తెలియకపోవచ్చు. ఎక్కువసేపు ఉంచినా, మళ్లీ మళ్లీ ముంచినా గట్లు అరిగి మెరుపు చచ్చిపోతుంది. తెలుపు మాత్రం మిగులుతుంది.

ఫొటో కింద రాసిన మాటలు ఇంకా నొప్పి: "విక్టోరియా రూపాయి, 1862, బొంబాయి. తళతళలాడుతోంది. అరుదైనది." చుక్కల ఊసే లేదు. నిజంగా అరుదు అనదగ్గది ఏదైనా ఉంటే అది ఆ చుక్కల్లోనే ఉంది, దాన్ని వదిలేసి ఊరికే అరుదు అని రాశాడు. అచ్చుతప్పులు దిద్దుకుంటూ బతికేదాన్ని, నాకు ఎలా ఉంటుందో ఊహించండి. ధర రెట్టింపు ఉంటే ఒక పూట బాధపడ్డదాన్ని, ఈ రెండు వాక్యాలకు వారం పాటు లోలోపల సణుగుతూనే ఉన్నాను.

అప్పుడు అర్థమైంది నాకు కావలసిందేమిటో. నాణేన్ని నేను తయారుచేయలేదు. దాని వెండి నాది కాదు, రాణి నాది కాదు, ఆ మాటకొస్తే నొక్కు కూడా నాది కాదు. నేను చేర్చింది ఒక్కటే: అది ఏదో కనుక్కుని కాగితం మీద రాయడం. అందుకే అమ్మిన నాణెం ఎక్కడైనా కనబడితే నా చూపు ఇప్పుడు ధర దాటి కిందికి పోతుంది. నేను రాసింది మిగిలిందా, పోయిందా?

కొన్నిసార్లు మిగులుతుంది. వేరే డీలర్ ఒకాయన నా దగ్గర కొన్న అర్ధరూపాయిని జాబితాలో పెడుతూ పక్కనే నా టికెట్ కూడా ఫొటో తీసి పెట్టాడు. నా చేతిరాత, నా నీలం సిరా, బరువు దగ్గర నేను కొట్టివేసి మళ్లీ రాసిన అంకె. ఎంత సంతోషం వేసిందంటే ఆ పేజీని నలుగురికి చూపించాను. కింద వివరణ చదివాక మాత్రం నవ్వు ఆగలేదు. "ఒక ప్రముఖ పాత సేకర్త భాండారం నుంచి" అని రాశాడు. ప్రముఖా? పాతా? భాండారమా? నా భాండారం బీరువాలో చీరల కింద ఒక డబ్బా. మా కుర్రాడు దొరికిందే సందని అప్పటి నుంచి ఫోన్ ఎత్తగానే "ప్రముఖ సేకర్తగారేనా అండీ మాట్లాడేది?" అంటాడు.

నవ్వులాటకి అంటున్నాం కానీ, ఈ "ఎవరి దగ్గర నుంచి వచ్చింది" అనే విషయానికి నాణేల లోకంలో బరువు చాలా ఎక్కువ. ముఖ్యంగా ప్రాచీన నాణేలకు. సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను అరికట్టడానికి యునెస్కో ఒప్పందం 1970లో వచ్చింది. అప్పటి నుంచి, అంతకుముందే ఎవరి సేకరణలోనో ఉందని రుజువున్న నాణేనికి విలువ వేరు, రుజువు లేనిదానికి వేరు. సీజర్‌ని చంపినందుకు గుర్తుగా బ్రూటస్ వేయించిన బంగారు నాణెం ఒకటి 2020లో లండన్ వేలంలో 32 లక్షల పౌండ్లు దాటి పలికింది. తర్వాత దాని పూర్వచరిత్ర కాగితాలు కల్పితమని తేలడంతో 2023లో దాన్ని గ్రీసుకు అప్పగించాల్సి వచ్చింది. అంత డబ్బు పెట్టి కొన్నది, కాగితం అబద్ధమైతే చేతిలో నిలవలేదు. మనవి అంత గొప్ప నాణేలు కావు, ఒప్పుకుంటాను. కానీ టికెట్ చించి చెత్తబుట్టలో పడేసి ప్లాస్టిక్ కవరులో కొత్తగా పెట్టే డీలర్‌ని చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆ చించడానికి కారణం నాకు తెలుసు. టికెట్ మీద నేను కొన్న చోటు ఉంటుంది, కొత్తగా కొనేవాడు పాత ధర ఆరా తీస్తాడేమోనని భయం. ఆ భాగం కత్తిరించుకో నాయనా, మిగతాది వదిలెయ్.

నాణేన్ని పరీక్షించి, ఎంత బాగుందో ఒక అంకె వేసి గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించే కంపెనీలున్నాయి. అలాంటి పెట్టెలో, అంటే స్లాబులో మన నాణెం కనబడటం ఇంకో అనుభవం. నేను పెట్టె లేకుండా అమ్మిన ఒక రూపాయి ఏడాది తిరక్కుండానే స్లాబులో కూర్చుని దర్శనమిచ్చింది. నేను టికెట్ మీద "కొద్దిగా అరిగింది" అని రాసుకున్నదానికి కంపెనీవాళ్లు అసలు అరగనే లేదని అంకె వేశారు. నా కన్ను తప్పా, వాళ్ల కన్ను తప్పా? రెండూ కాదనుకుంటాను. రాణి బుగ్గ మీద కనబడే మసక అరుగుదలా, లేక కొట్టినప్పుడే అచ్చు సరిగ్గా దిగకపోవడమా అన్నది ఇద్దరు పెద్దమనుషులు రోజంతా వాదించుకోగలిగిన విషయం. నేను జాగ్రత్తగా తగ్గించి రాసుకునే రకం. వాళ్లు ఆ రోజు ఉదారంగా ఉన్నారు. ఆ స్లాబు పగలగొట్టి మళ్లీ పంపితే ఒక మెట్టు దిగినా దిగుతుంది, ఇంకో మెట్టు ఎక్కినా ఎక్కుతుంది. పై మెట్టు ఆశతో అదేపనిగా పగలగొట్టి పంపేవాళ్లు ఉన్నారు, అదో జూదం.

ఆ అంకెల సంగతి తలుచుకుంటే నాకు ఎప్పుడూ ఒకటి తమాషాగా ఉంటుంది. ఒకటి నుంచి డెబ్బై దాకా ఉన్న ఆ కొలబద్దను విలియమ్ షెల్డన్ అనే ఆయన 1949లో అమెరికా పాత పెద్ద రాగి సెంట్ల కోసం తయారుచేశాడు. ఆయన ఉద్దేశం అందం కొలవడం కాదు, ధర కట్టడం. ఒకటో నంబరు నాణెం ధరకు డెబ్బయ్యో నంబరు నాణెం ధర డెబ్బై రెట్లు ఉంటుందని లెక్క. ఆ ధరల లెక్క ఎప్పుడో చెదిరిపోయింది. అంకెలు మాత్రం మిగిలాయి. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే అమెరికా కంపెనీలు నాణేల్ని పెట్టెల్లో బిగించి అంకె వేయడం మొదలుపెట్టాక అవి ప్రపంచమంతా పాకాయి. ఇప్పుడు మా కుర్రాడి తరంవాళ్లు నాణెం కంటే ముందు అంకె చూస్తారు. వాడితో నాకున్న తగాదా అదే.

అంకె లేకుండా "శుభ్రం చేసినది" అనే ముద్రతో స్లాబు వచ్చిందనుకోండి, అది ఇంకా ఇబ్బంది. మా మిత్రబృందంలో ఒక పెద్దాయన పాతికేళ్లు తన సేకరణకు తలమానికం అని చెప్పుకున్న నాణెం అమ్మాక అలాంటి ముద్రతో కనబడింది. ఆయన తోమలేదు, ఆయన ముందువాడు ఎవడో తోమి ఉంటాడు. డబ్బు ఆయనకు ఎప్పుడో ముట్టేసింది, నష్టం కొన్నవాడిది. అయినా ఆ మాట ఆయనతో అనడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు. చూశాడో లేదో ఇప్పటికీ తెలియదు.

ఎవరూ చెప్పని ఇంకో రకం బాధ ఉంది. మన నాణెం డీలర్ జాబితాలో చేరి అక్కడే ఉండిపోవడం. మొదట్లో "అబ్బో, ఎంత ధర పెట్టాడో" అని గింజుకుంటాం. నెలలు గడుస్తాయి. పక్కనున్నవి ఒక్కొక్కటీ "అమ్ముడైంది" అని ఎర్రక్షరాలు తగిలించుకుని పోతుంటాయి. మనది ఉంటుంది. ఒకరోజు ధర తగ్గుతుంది. ఇంకొన్నాళ్లకు మళ్లీ తగ్గుతుంది. అప్పుడు కోపం డీలర్ మీద కాదు, కొనని లోకం మీద. దానికేం తక్కువని? కళ్లు లేవా జనానికి? నాకు అమ్మినప్పుడు ముట్టిన ధరకు కాస్త పైకి వచ్చి ఆగిన అర్ధరూపాయి ఒకటుంది. దాన్ని చూస్తే లాభపడింది నేనేనని తెలుసు, సంబరం మాత్రం రాదు. పిల్లకు పెట్టిన పేరు బాగోలేదని ఎవరో మొహం మీదే అన్నట్టు అనిపిస్తుంది.

పెద్దవాళ్ల నాణేలకూ ఈ గతి తప్పలేదు. 1794 నాటి అమెరికా వెండి డాలరు ఒకటి 2013లో కోటి డాలర్లు దాటి పలికి అప్పటికి లోకంలోకెల్లా ఖరీదైన నాణెమనిపించుకుంది. 2020లో మళ్లీ వేలానికి పెడితే అనుకున్న కనీస ధర రాక వెనక్కి వెళ్లింది. 2022లో కోటీ ఇరవై లక్షలకు పోయింది. మధ్యలో ఆ రెండేళ్లూ దానికేమీ జరగలేదు. ఒక్క గీత కూడా పడలేదు. గదిలో ఉన్న మనుషులు మారారు, అంతే.

ఈ విషయంలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చే మనిషి ఎరిక్ న్యూమన్. అమెరికాలో 1913 లిబర్టీ నికెళ్లు అనే ఐదు సెంట్ల నాణేలు లోకం మొత్తం మీద ఐదే ఉన్నాయి. ఆ ఐదూ ఒకప్పుడు ఆయన చేతిలో ఉండేవి. కర్నల్ గ్రీన్ అనే ధనిక సేకర్త చనిపోయాక, అతని ఆస్తిలోంచి 1940ల మొదట్లో బర్డెట్ జాన్సన్ అనే డీలర్‌తో కలిసి న్యూమన్ వాటిని కొన్నాడు. తర్వాత ఒక్కొక్కటే వదిలేశాడు. ఆ ఐదింట్లో ఒకటి 1996లో వేలంలో పద్నాలుగు లక్షల ఎనభై అయిదు వేల డాలర్లకు పోయి, పది లక్షలు దాటిన మొదటి నాణెంగా పేరు తెచ్చుకుంది. ఇంకోటి 2013లో ముప్పై లక్షలు దాటింది. రెండుసార్లూ న్యూమన్ బతికే ఉన్నాడు. 2017లో, 106 ఏళ్ల వయసులో పోయాడు. ఆ వార్తలు చదువుతూ లోపల ఏమనుకున్నాడో ఎవరికి తెలుసు. ఆయన జీవితం చూస్తే మాత్రం నాకు ఒకటి తోస్తుంది: ఆయన్ని నాణేలవాళ్లు గుర్తుపెట్టుకున్నది ఆ ఐదింటినీ ఉంచుకున్నందుకో అమ్ముకున్నందుకో కాదు. అమెరికా తొలినాటి నాణేల మీద, కాగితం డబ్బు మీద ఆయన చేసిన పరిశోధన కోసం. రాసినవాడికి అమ్మినా పోయేదేం లేదని నాకు నేను ధైర్యం చెప్పుకోవడానికి ఆయన పేరు వాడుకుంటూ ఉంటాను.

"అంత బాధైతే తిరిగి కొనుక్కోవచ్చు కదా" అంటారు. కొనేవాళ్లు ఉన్నారు. నాకు తెలిసిన ఒకాయన తానమ్మిన దాన్నే రెండోసారి కొని, రెండోసారి అమ్మి, మూడోసారి దాని కోసం కాచుకుని ఉన్నాడు. ఆయన్ని తప్పుపట్టను గానీ ఆ దారి నాకు నచ్చదు. తిరిగి కొంటే నాణెం వస్తుంది, దాన్ని మొదటిసారి వెతికి పట్టుకున్న సరదా రాదు. పైగా నా రూపాయి ఇప్పుడు తెల్లగా ఉంది. నీలం నెలవంక ఉన్న రూపాయి నా ఫొటోల్లో తప్ప ఇంకెక్కడా లేదు. డబ్బు పోసినా దొరకదు.

తెల్లబడ్డ ఆ రూపాయి దగ్గరికి వస్తాను. వారం సణిగాక ఆ డీలర్‌కి ఫోన్ చేశాను. కొనడానికి కాదని ముందే చెప్పేశాను. "మేడమ్, మీరు చెప్పేది నిజమే అయ్యుండొచ్చు. మా దగ్గరికి వచ్చేసరికే అది తెల్లగా ఉంది. నల్లగా నీలంగా ఉంటే జనం ముట్టుకోరు మేడమ్" అన్నాడు. అబద్ధం చెప్తున్నట్టు అనిపించలేదు. చుక్కల సంగతి చెప్పాను. "చుక్కలా? అవి తుప్పు మచ్చలనుకున్నామే" అన్నాడు. వెండికి తుప్పేమిటి నాయనా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

ఆ రాత్రి కూర్చుని అతనికి అన్నీ పంపాను. ముంచకముందు తీసిన రెండువైపుల ఫొటోలు, చుక్కల దగ్గర పెద్దది చేసి తీసినది, అచ్చు పగులు, నొక్కు, నా టికెట్ నకలు. చుక్కల రకాలు ఎలా చదవాలో నాలుగు వాక్యాల్లో రాశాను. ఇప్పుడు ఏది అమ్మినా ముందే ఈ పని చేసి పెట్టుకుంటున్నాను. టికెట్ నకలు నా దగ్గర, అసలు నాణెంతో పాటు, ఫొటోలు కొన్నవాళ్లు అడిగితే ఎప్పుడైనా సరే. అలా ఒకరిద్దరు అడిగారు కూడా. ఎక్కడో నా చేతిలో లేని నాణెం గురించి ముక్కూ మొహం తెలియని మనిషి ఉత్తరం రాసి "మీరు బరువు 11.61 అని రాశారు, నాకు 11.60 వస్తోంది" అంటే ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. తప్పకుండా జవాబు రాస్తాను, నా తూకానికి ఆ పాటి తేడా మామూలేనని.

రెండు రోజులకు డీలర్ దగ్గర నుంచి "థాంక్యూ మేడమ్, మార్చాం" అని మెసేజి వచ్చింది. వెంటనే తెరిచి చూశాను. మార్చాడు. "తళతళ" తీసేశాడు. తేదీ కింద నాలుగు చుక్కలున్న రకం అని రాశాడు. ముందువైపు అచ్చు పగులు, అంచు మీద నొక్కు, గతంలో శుభ్రం చేసినది అని కూడా నిజాయితీగా రాశాడు. నా పాత ఫొటో పక్కన పెట్టాడు, నెలవంకతో సహా. ఒక్క అచ్చుతప్పు లేదు, రెండుసార్లు చూశాను.

ధర కూడా మార్చాడు. ముందున్నదాని మీద మూడో వంతు పెంచాడు.

మా కుర్రాడు ఆ రూపాయి కోసం డబ్బు పోగుచేసుకుంటున్నాడన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. పేజీ చూసి ఫోన్ చేశాడు. "అక్కా, నీకో దండం. ఇంకెవరికీ ఏమీ నేర్పకే" అన్నాడు.